దుడ్లిచ్చి కొనుక్కున్న ఎండ

అనంతపురంలో తాడిపత్రి బస్సెక్కి కూర్చున్నవారికి పట్నం దాటీ దాటకముందే ఒక పెద్ద చెరువు కట్ట ఎదురవుతుంది. ఆ కట్టకు ఈ కొసన అనంతపురం, ఆ కొసన మా ఊరు బుక్కరాయసముద్రం. పేరు విన్న కోస్తా మిత్రులు “మీ సముద్రంలో ఓడలు తిరుగుతాయా?” అని వేళాకోళం చేస్తూంటారు. ఓడలు తిరగవు గాని, వానలు తప్పిన ఏట గొర్రెల మందలు సముద్రం నడిమధ్య దాకా వెళ్ళి మేసి వస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో చెరువును సముద్రమని పిలవడం అతిశయోక్తి అని నేను అనుకోను. అది ఒక కోరిక.

1364 ప్రాంతంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు అడ్డంగా ఈ కట్ట వేయించాడని చెబుతారు. ఒక కొసన ఊరికి రాజు పేరు, మరొక కొసన ఊరికి రాణి అనంత పేరు పెట్టారట. రాణి ఊరు జిల్లా కేంద్రమైంది. రాజు ఊరు మండల కేంద్రంగా మిగిలింది. ఇందులో మాకు కొంచెం అసూయ లేకపోలేదు.

కట్ట మీద ముసలమ్మ గుడి ఉంది. తెలుగు చదువుకున్నవారికి ఆ పేరు కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లో పోటీకి రాసి బహుమతి పొందిన ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి కథ ఈ కట్టదే. బ్రౌనుదొర అచ్చువేయించిన అనంతపుర చరిత్రలోంచి ఆయన దాన్ని తీసుకున్నారు. కుండపోత వానకు చెరువు గండిపడబోతే, ఊరిని కాపాడడానికి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఆ గండిలోకి నడిచి వెళ్ళిపోయిందని కథ. క్లాసులో ఆ పాఠం చెప్పినప్పుడల్లా కరుణరసం గురించి గంటసేపు మాట్లాడి, ఇంటికి వచ్చేటప్పుడు మటుకు బస్సులోంచి మరువ వైపు చూస్తాను. ఎక్కువైన నీరు పోవడానికి చాలినంత దారి లేకపోతే ఎంత గట్టి కట్టయినా తెగుతుంది. కవిగారికి అది అక్కరలేదు గాని చెరువు కింద సేద్యం చేసేవాడికి కావాలి. ఈ మరువ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఇంతకూ నేను చెప్పబోయేది చెరువు గురించి కాదు. 2023 మే నెలలో ఒక సాయంత్రం ఈ కట్ట మీద గాలి కోసం నిలబడి ఉండగా, గాలి రాలేదు గాని మా తమ్ముడి ఫోను వచ్చింది. వాడు అమెరికాలో సియాటిల్ దగ్గర ఉద్యోగం.

“అన్నా, ఇంట్లో సౌనా పెట్టిద్దామనుకుంటున్నా. ఏది మంచిదో నువ్వు చెప్పాల.”

ఎండకు నా ఒళ్ళు ఆ సమయానికి పెనం మీది అట్టులా ఉంది. సౌనా అంటే ఫిన్‌లాండు వారి వేడి గది. చెక్కతో చేసిన గదిలో పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు, చుట్టూ బల్లలు. 80, 90 డిగ్రీల వేడిలో కూర్చుని చెమట పట్టించుకుంటారు. మధ్యమధ్య రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు చల్లితే ఒక్కసారిగా ఆవిరి లేస్తుంది. దానికి వారి భాషలో వేరే పేరే ఉంది, ‘లోయ్లు’ అంటారు. 55 లక్షల జనం ఉన్న ఆ దేశంలో 30 లక్షల పైచిలుకు సౌనాలున్నాయంటారు. 2020లో యునెస్కో ఆ ఆచారాన్ని మానవజాతి వారసత్వపు పట్టీలో చేర్చింది.

“ఒరేయ్, నేను తెలుగు మాస్టర్ని,” అన్నాను.

“అనంతపురమోనివి గదన్నా. వేడి గురించి నీకు తెలిసినంత ఇక్కడెవరికి తెలుసు?”

వేళాకోళం వెనక అసలు సంగతి వేరే ఉంది. మా నాయన పోయిన తరువాత అమ్మ నా దగ్గరే ఉంటోంది. తన దగ్గరా కొన్నాళ్ళు ఉండాలని తమ్ముడి పట్టుదల. వెనక ఒకసారి వెళ్ళి వచ్చింది కూడా. అక్కడ మోకాళ్ళు బిగుసుకుపోయి, మెట్లు దిగలేక, “నా బొమికెలకు చెమ్మ పట్టింది, ఇంక పిలవొద్దు” అని ఒట్టు పెట్టుకుని వచ్చింది. ఆ ఒట్టు తీయించడానికి వాడు పన్నిన ఉపాయం ఈ వేడి గది. నేను ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి, నెత్తిన చెంగు సర్దుకుని, “దుడ్లిచ్చి ఎండ కొనుక్కుంటారా? ఈడ ఊరికే ఇస్తే తీసుకునేటోళ్ళు లేరే!” అంది.

అన్నదే గాని, డిసెంబరులో నా వెంట బయలుదేరింది. కొడుకు మాట తల్లికి ఒట్టు కన్నా ఎక్కువ కాబోలు.

సియాటిల్ వాన మన వాన లాంటిది కాదు. మనకు వస్తే ఉరుములతో వచ్చి, గంటలో వంకలు పారించి వెళ్ళిపోతుంది. అక్కడ ఏడాదికి 150 రోజులకు పైగా, అందులోనూ ముఖ్యంగా అక్టోబరు నుంచి మార్చి దాకా, జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలుతూనే ఉంటుంది. మొత్తం కలిపి కొలిస్తే మన వానకు రెట్టింపు కూడా కాదు. కాని ఆరదు. ఇంటి కప్పుల మీద నాచు. చెట్ల మొదళ్ళకు నాచు. మూడు రోజులు కదల్చని కారు అద్దం అంచుకు కూడా పచ్చని నాచు. అమ్మ మొదటి రోజు ఉతికిన చీర నాలుగో రోజుకు కూడా దండెం మీద చల్లగా తగిలింది. “ఇది ఆరడం గాదు, అలవాటు పడడం” అంది.

మన ఇళ్ళలో ఈ నొప్పులకు వైద్యం ఉంది గదా. నీళ్ళ పొయ్యి మీద పెద్ద కాగు, కింద కందికట్టె, చెనక్కాయ పొట్టు. నీళ్ళలో వావిలాకు వేసి మరగనిచ్చి, భరించగలిగినంత వేడిగా పోసుకోవడం. జలుబు చేస్తే కురుబలు నేసిన నల్ల కంబళి ముసుగు పెట్టి ఆవిరి పట్టడం. బాలింతలకు పోసే నీళ్ళ సంగతి ఆడవారికి నేను చెప్పనక్కరలేదు. తమ్ముడి స్నానాలగదిలో అమ్మ ఆ ప్రయోగం చేయబోతే, ఆవిరికి పొగగంట మోగి ఇల్లంతా హడావుడి అయింది. ఆ రోజే వాడు “అన్నా, ఇంక ఆలస్యం చెయ్యకూడదు” అన్నాడు.

ముందు వేడి ఎలా ఉంటుందో చూద్దామని గంటకింత అని అద్దె పుచ్చుకునే చోటికి నన్ను తీసుకెళ్ళాడు. నేను పంచె కట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని, ఉపనయనానికి కూర్చున్న వటువులా పై బల్ల మీద కూర్చున్నాను. రెండు నిమిషాలు ఏమీ తెలియలేదు. మూడో నిమిషానికి ముక్కుపుటాలు మండాయి. అయిదో నిమిషానికి ఒక చిత్రమైన అనుభవం: కళ్ళు మూసుకుంటే నేను రోహిణి కార్తెలో మా ఊరి కట్ట మీద ఉన్నాను! అదే పొడివేడి. పది నిమిషాలకు బయటికి వచ్చి వానలో నిలబడితే ఒంటి నుంచి పొగలు లేచాయి. చలి అనిపించలేదు.

అంత తడి దేశంలో అంత పొడివేడి ఎలా వచ్చిందా అని నాకు అనుమానం తగిలింది. ఇంజనీరు గనక తమ్ముడు లెక్క చెప్పాడు. 5 డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి ఎంత తడిసినా 7 గ్రాముల నీటి ఆవిరిని మించి పట్టుకోలేదు. అదే గాలిని 80 డిగ్రీలకు కాచితే సుమారు 290 గ్రాములు పట్టుకోగలదు. అంటే బయట ముంచెత్తిన చెమ్మ ఆ గదిలో నూటికి రెండు మూడు పాళ్ళు అయిపోతుంది. కాగుతున్నంతసేపూ చెమ్మకు అక్కడ చోటు లేదన్నమాట. చిక్కంతా పొయ్యి ఆర్పిన తరువాత. మనం చల్లిన నీళ్ళు, కార్చిన చెమట ఎటు పోవాలి? బయట గాలి ఎలాగూ తాగదు. చెక్కల సందుల్లో, గోడల లోపల చల్లబడి మళ్ళీ నీరై కూర్చుంటుంది.

ఇది మాకు కళ్ళారా చూపించినవారు ఆ వీధిలోనే ఉండే నెల్లూరు పెద్దమనిషి. ఆయన ఎవరి మాటో విని, ఇంట్లోని స్నానాలగదిలోనే ఆవిరియంత్రం బిగించుకున్నారు. ఆవిరిగది సౌనా కాదు. వేడి 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది గాని గాలి పూర్తిగా ఆవిరితో నిండి, గోడలు కారుతూంటాయి. ఒక చలికాలం గడిచేసరికి పక్క పడకగది గోడకు నల్లని బూజు పటంలా పాకింది. “సార్, ఇంకో భారతదేశం పటం కూడా వస్తోంది చూడండి” అని నవ్వుతూనే చెప్పారు. గోడ పగలగొట్టించడానికి అయిన ఖర్చు చెప్పేటప్పుడు నవ్వలేదు.

తరువాత పీపా సౌనాలు చూశాం. పెద్ద కల్లుపీపాను పడుకోబెట్టినట్టు ముచ్చటగా ఉంటాయి, పెరట్లో ఒక్కరోజులో నిలబెట్టవచ్చు. తమ్ముడికి మనసైంది. కాని ఆ గుండ్రటి పలకలే గోడా, అవే కప్పూ. వేడికి ఎండి ముడుచుకుని, వానకు తడిసి ఉబ్బి, పైభాగాన సందులు వచ్చి కారడం ఆ వాన దేశంలో వింత కాదు. మీద వేరే చూరు వేస్తే తప్ప మన్నవు. చూరు వేసే పక్షంలో పీపా ఎందుకు? పైగా లోపల బల్ల కిందుగా ఉండి, పాదాలు పొయ్యి రాళ్ళ కన్నా దిగువన చలిలో వేలాడతాయి. పాదాలు రాళ్ళ మట్టానికి పైన ఉండాలన్నది ఫిన్‌లాండు వారి సూత్రం.

పరారుణ కిరణాల పెట్టెలని మరో రకం ఉన్నాయి. రాళ్ళు లేవు, నీళ్ళు లేవు. పలకల నుంచి వచ్చే వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. గాలి 45 నుంచి 60 డిగ్రీలు. కరెంటు తక్కువ, మామూలు ప్లగ్గుకే పనిచేసేవి ఉన్నాయి. పొడిగా ఉన్న గది మూలలో పెట్టుకునే ఒంటరివాడికి అవి చెడ్డవని నేను అనను. అమ్మ మాత్రం దానిలో తల పెట్టి చూసి, “ఇది కోళ్ళఫారంలో పిల్లలకు పెట్టే దీపం మాదిరుంది” అనేసింది. ఆ మాటతో ఆ అంకం ముగిసింది.

ఆ రాత్రి నిద్రపట్టక చరకసంహిత తెరిచాను. కాలేజీలో నా స్నేహితుడైన సంస్కృతం మాస్టారు ఎప్పుడో చెప్పగా విన్నది గుర్తుకు వచ్చింది. సూత్రస్థానం పద్నాలుగో అధ్యాయం చెమట పట్టించే పద్ధతులకే కేటాయించాడాయన. నిప్పుతో చేసేవి పదమూడు రకాలు. అందులో ‘జేంతాకం’ అనేది చదువుతూంటే నాకు నవ్వూ ఆశ్చర్యమూ ఒకేసారి వచ్చాయి. చెరువుకు దక్షిణపు గట్టునో పడమటి గట్టునో, నీటికి ఏడెనిమిది మూరల దూరంలో గుండ్రటి ఇల్లు కట్టాలట. మట్టితో మెత్తి, బోలెడు గవాక్షాలు పెట్టాలట. గోడ చుట్టూ మూరెడు ఎత్తు, మూరెడు వెడల్పు అరుగు. నడుమ చిల్లులున్న నిలువెత్తు మట్టిపొయ్యి. అందులో చండ్రకట్టె కాల్చి, పొగంతా పోయిన తరువాత, నూనె రాసుకున్న రోగిని లోపలికి పంపాలి. అరుగును వదలవద్దని గట్టిగా చెప్పాలి. సొమ్మసిల్లి దారి తప్పితే ప్రాణానికే ముప్పు. బయటికి వచ్చాక వెంటనే చన్నీళ్ళు ముట్టకూడదు, ఒక ముహూర్తం ఆగి గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి. ఫిన్‌లాండు వారు సరాసరి గడ్డకట్టిన సరస్సులో దూకుతారు గనక ఈ ఒక్క చోట ఇద్దరికీ చుక్కెదురు. ‘అశ్మఘనం’ అని మరొకటి ఉంది. మనిషంత రాతిపలకను కాల్చి, నిప్పులు ఊడ్చి, వేణ్ణీళ్ళు చల్లి, గుడ్డ పరిచి పడుకోవడం.

మా చెరువు కట్ట మీద ఎవరైనా జేంతాకం కట్టి ఉంటారా? ఉండరు. మే నెలలో అక్కడ ఇల్లు కట్టనక్కరలేదు, నిలబడితే చాలు. కాని నా కన్ను గవాక్షాల దగ్గర ఆగిపోయింది. అంత వేడి కావాలనుకున్న మనిషి అన్ని కిటికీలు ఎందుకు పెట్టమన్నాడు? నాకు మరువ గుర్తుకు వచ్చింది.

మర్నాడు కాఫీ తాగుతూ తమ్ముడితో అన్నాను: “నువ్వు అడిగిన ప్రతివాడినీ వేడి ఎంత వస్తుందని అడుగుతున్నావు. తడి ఎటు పోతుందని అడుగు.”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన వడ్రంగి మూడో ప్రయత్నానికి దొరికాడు. అతడు చెప్పిన ప్రకారమే పని జరిగింది. గది ఇంటి లోపల కాదు, పెరట్లో, నేలకు తగలకుండా కంకర పరిచి లేపిన పునాది మీద. పైన వాలు కప్పు, నాలుగు పక్కలా వెడల్పయిన చూరు. లోపల 5 అడుగులు, 6 అడుగులు, ఎత్తు 8 అడుగులు. గోడలో వేడిని ఆపే రాతిఉన్ని, దాని లోపలి వైపున ఆవిరి చొరకుండా అల్యూమినియం రేకు, రేకుకూ చెక్కకూ మధ్య వేలెడు సందు, గాలాడడానికి. చెక్క ఆ నేలలోనే పెరిగే ఎర్ర దేవదారు; అది తేలికగా కుళ్ళదు. వార్నీషు పూయకూడదు, వేడికి ఆ వాసన పీల్చలేం. పొయ్యి దగ్గర గాలి వచ్చే దారి, ఎదుటి గోడన బల్ల కింద గాలి పోయే దారి, కప్పు దగ్గర పని అయ్యాక తెరిచే మరొకటి. స్నానం అయిన తరువాత కూడా పొయ్యిని ఇరవై నిమిషాలు ఉంచి, తలుపు తెరిచి గదిని ఎండబెట్టి మరీ ఆర్పాలి. ఈ చివరి ఇరవై నిమిషాల కోసమే ఎక్కువ మందికి ఓపిక ఉండదట.

పొయ్యికి లెక్క ఉంది: 45 ఘనపుటడుగులకు ఒక కిలోవాటు. ఆ గదికి 6 కిలోవాట్లు చాలు. కట్టెపొయ్యి పెడదామని నాకు ఆశగా ఉండేది. ఆ దేశంలో కట్టెలు ఎండబెట్టుకోవడమే ఒక ఉద్యోగమని, పొగగొట్టానికి అనుమతులు వేరే అని తమ్ముడు ఒప్పుకోలేదు. 240 వోల్టుల తీగె లాగడానికి లైసెన్సున్న ఎలక్ట్రీషియనే రావాలి. గంటన్నర కాలిస్తే మహా అయితే తొమ్మిది యూనిట్లు. మా ఊళ్ళో అయిదు హెచ్.పి. బోరు మోటారు రెండు గంటల్లో తాగేదానికి కాస్త ఎక్కువ. మేము కరెంటు పెట్టి నేలలోంచి నీళ్ళు తోడుతాం, వాళ్ళు కరెంటు పెట్టి గదిలోంచి తడి తోలుతారు.

ఇవన్నీ అయ్యాక ఎక్కడ కట్టాలన్నది మిగిలింది. పెరటి చివర దేవదారుల కింద అయితే చూడడానికి అందంగా ఉంటుందని మా మరదలు అంది. అమ్మ ఏమీ అనలేదు, వెనక గుమ్మం దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టింది. తడి గడ్డి మీద ఇరవై ఆరు అడుగులు. తమ్ముడు మారుమాట్లాడకుండా ముగ్గు తెచ్చి గుమ్మానికి అయిదడుగుల దూరంలో గీత గీశాడు.

వైద్యుణ్ణి అడగకుండా ముందుకు పోలేదు. అమ్మ రక్తపోటుకు మాత్రలు మింగుతుంది. 2015లో ఫిన్‌లాండు వైద్యులు 2,315 మంది నడివయసు మగవారిని ఏళ్ళ తరబడి గమనించి, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకు వెళ్ళేవారిలో ఆకస్మిక గుండె మరణాలు తక్కువగా ఉన్నాయని ప్రకటించారు. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని వెళ్ళాడు. డాక్టరమ్మ నవ్వి, వాళ్ళు పుట్టినప్పటి నుంచీ అందులో పెరిగిన మగవారు, మీ అమ్మగారు కాదు. ఆరోగ్యంగా ఉన్నవారే తరచు వెళ్ళగలుగుతారేమో అదీ చూసుకోవాలి అందట. వేడి కీళ్ళ బిగువును కొంతసేపు సడలిస్తుంది గాని అరిగిన కీలును తిరిగి పుట్టించదని కూడా చెప్పింది. కింది బల్ల మీదే కూర్చోవాలి. పది నిమిషాలకు మించకూడదు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ముందూ వెనకా నీళ్ళు తాగాలి, లేచేటప్పుడు నిదానంగా లేవాలి. గుండెపోటు వచ్చి ఎన్నాళ్ళో కానివారు, తరచు కళ్ళు తిరిగి పడేవారు ఆ గది వైపే పోకూడదు. పాదాలు రాళ్ళకు పైన ఉండాలన్న సూత్రం అమ్మ విషయంలో ఆ విధంగా కొట్టుకుపోయింది. పైన 80 డిగ్రీలున్నప్పుడు కింది బల్ల మీద 50, 60 మించదు. మోకాళ్ళకు అది చాలు.

నా సెలవు అయిపోయి జనవరిలో నేను వచ్చేశాను. గది మార్చిలో పూర్తయింది. మొదటి రోజు అమ్మ గుమ్మానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రాళ్ళ మీద కొబ్బరికాయ కొడతానంటే తమ్ముడు కాళ్ళావేళ్ళా పడి బయటి మెట్టు మీద కొట్టించాడట. వావిలాకు దొరకలేదని మటుకు ఇప్పటికీ ఆమెకు లోటే. వారానికి మూడుసార్లు కూర్చుంటోందని, వచ్చిన రోజు మెట్లు పట్టుకుని దిగింది కాస్తా పట్టుకోకుండా దిగుతోందని, మరదలు చెప్పింది. పట్టుకుని దిగే రోజులూ ఉన్నాయని తమ్ముడు వెనక నుంచి నిజం చెప్పాడు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున అమ్మే ఫోను చేసింది. ఇక్కడ అప్పటికే నలభై డిగ్రీలు దాటి, కట్ట మీద వేపచెట్లు కూడా నీడను దాచుకుంటున్నాయి. గది ఎలా ఉందమ్మా అని అడిగాను.

“బాగుందిరా. కండ్లు మూసుకుంటే మన ఊరే.”

కాసేపు ఆగింది. అవతల వాన చూరు మీద పడుతున్న చప్పుడు నాకు వినబడుతోంది.

“చెరువులో నీళ్ళున్నాయా?” అంది.

“తూము దగ్గర కొంచెం ఉన్నాయమ్మా.”

“గొర్రెలు దిగినాయా?”

“ఇంకా దిగలేదు.”

“అయితే ఉంటాయిలే జూన్ దాకా,” అంది. ఆమె తిరుగు ప్రయాణానికి తమ్ముడు టిక్కెట్టు తీసింది జూన్ నెలకే.